తూర్పు ఒంపులో పదిహేడు గూళ్ళు

రిచ్‌మండ్ హిల్,
ఏప్రిల్ 19

చిరంజీవి కొమరయ్యకు,

ఆశీస్సులు. తుంటి ఎముక అతుక్కుంటోంది గానీ నా మాట వినడం లేదు. చెవుల సంగతి నీకు తెలిసిందే. మొన్న ఫోన్‌లో నువ్వు పది నిమిషాలు మాట్లాడావు, నాకు "హల్లెలూయా" ఒక్కటే వినబడింది. అందుకని కాగితం పట్టాను. "ఈయనకి వినపడకపోవడం కొత్త జబ్బు, వినకపోవడం పెళ్ళినాటి జబ్బు" అని సుధామయి పక్కనుంచి అంటోంది.

ఇక పని మాట. రెండేళ్ళు నువ్వు నా బండి తోలావు. ప్రతి మే నెలలోనూ ఆ సరస్సు దగ్గర నన్ను దించి, నువ్వు సీట్లోనే కూర్చుని నీ గ్రంథం చదువుకునేవాడివి. నేను నీళ్ళలోకి దిగి ఏం చేసేవాణ్ణో ఒక్కరోజూ అడగలేదు. లెక్కపెట్టేవాణ్ణి. తూర్పు ఒంపులో బాస్ చేపల గూళ్ళు ఎన్ని ఉన్నాయో ముప్పై ఒక్క వసంతాలుగా రాస్తున్నాను. మత్స్యశాఖ ఉద్యోగం ఉన్నప్పుడు రాశాను, మానేశాకా రాశాను. ఎవరూ అడగలేదు. ఈ ఏడు రాళ్ళ మీద కాలు పెట్టనివ్వనని డాక్టరు తేల్చి చెప్పాడు. నువ్వేమో కారు విడిభాగాల ఫ్యాక్టరీ పనికి ఒషావా మారిపోయావు. అక్కడినుంచి సరస్సు నలభై నిమిషాలు. కాబట్టి నువ్వు లెక్కపెట్టాలి.

నీళ్ళు పదిహేను డిగ్రీలకు వచ్చాక వెళ్ళు. మోకాలి లోతునుంచి నడుం లోతుదాకా అడుగున గుండ్రటి, ఊడ్చినట్టున్న చోట్లు కనిపిస్తాయి. పళ్ళెమంత ఉంటాయి, కొన్ని గంప అంత. ఒక్కోదాని పక్కన ఒక తెల్ల రాయి వెయ్యి. అది మొదటి లెక్క. రెండు వారాలకు మళ్ళీ వెళ్ళి, ఎన్ని రాళ్ళ దగ్గర చేప ఇంకా ఉందో చూడు. అది రెండో లెక్క. అసలైనది అదే.

ఒక్కటే షరతు. చూడకపోతే "చూడలేదు" అని రాయి. ఊహించి అంకె వేయకు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క అబద్ధపు అంకె లేదు. నేను గొప్పగా చెప్పుకోగలిగింది ఆ ఒక్కటే.

యజ్ఞనారాయణ

~

ఒషావా,
మే 2

పూజ్యులు యజ్ఞనారాయణ సార్ గారికి,

చేపలను నీళ్ళలోను, నన్ను నేలమీదను పుట్టించినవాని పేరట వందనాలు.

మీ పని నెత్తిన పెట్టుకున్నాను. నేను చదివింది ఏడో తరగతి. తరువాత నాకు బడి, పంతులు, లైబ్రరీ అన్నీ ఒక్క గ్రంథమే. అయినా లెక్కపెట్టడం నాకు వచ్చు. కాపరి గొర్రెలను లెక్కపెట్టకపోతే ఒకటి తప్పిపోయి తొంభై తొమ్మిదే మిగిలాయని ఎలా తెలిసేది?

సార్, మొన్న శనివారం ఫ్యాక్టరీ వెనక వాగు దగ్గరికి పోయాను. అక్కడ చిన్న కట్ట ఉంది. ట్రౌట్ చేపలు పెద్ద సరస్సునుంచి ఎదురీది వస్తున్నాయి. పక్కలకు గులాబీ చార ఉన్న చేపలు, మోచేయంత పొడవు. కట్ట కింద సుడిలో తిరిగి తిరిగి ఒక్కసారి గాలిలోకి లేస్తున్నాయి. పడుతున్నాయి. మళ్ళీ లేస్తున్నాయి. ఒకటి పదకొండుసార్లు పడింది. పన్నెండోసారి దాటింది. నేను గట్టుమీద "ప్రభువా!" అని అరిచాను. పక్కనున్న తెల్లాయన ఉలిక్కిపడి, తరువాత టోపీ తీశాడు. యోబును దేవుడు నిలదీసి అడిగిన ప్రశ్నలున్నాయే, నువ్వెక్కడున్నావు నేను పునాదులు వేసిననాడు అని, అవి నన్ను అడిగినట్టయింది. నోరు మూతబడింది. నాకు నోరు మూతబడడం అరుదని మీకు తెలుసు.

చేపల కాలం తెరుచుకుందని దుకాణంలో చెప్పారు. లైసెన్స్ కార్డు తీసుకున్నాను, ఒక గాలం కర్ర కూడా. మా కమలకుమారి నవ్వుతోంది: "ఆయన చేప ముట్టడు, నీకు చేప లేకుంటె ముద్ద దిగదు, మీ ఇద్దరికి దోస్తీ ఎట్ల కుదిరిందయ్యా?"

మీ ఆత్మ కొరకు రోజూ ప్రార్థిస్తున్నాను. కోపగించుకోకండి.

కొమరయ్య

~

ఒషావా,
మే 26

పూజ్యులైన సార్ గారికి,

మనిషిని చేసిన ఆరో దినం కంటే ముందు ఐదో దినాన చేపలను చేసినవానికి స్తోత్రం చెప్పి మొదలుపెడుతున్నాను.

పదిహేడు. నీళ్ళు పదహారు డిగ్రీలు.

రెండుసార్లు చూశాను, సార్. లుంగీ ఎగగట్టి దిగాను. మొదట ఏమీ కనబడలేదు, నా నీడే అడ్డం. తరువాత కళ్ళు నీళ్ళకు అలవాటుపడ్డాయి. చుట్టూరా నాచు, ఒండ్రు, కుళ్ళిన ఆకు. ఆ మురికి మధ్య ఒక గుండ్రటి చోటు, కల్లాపి చల్లి ఊడ్చిన వాకిలిలా. గులకరాళ్ళు ఒక్కొక్కటీ మెరుస్తున్నాయి. చీపురు లేదు, చేతులు లేవు. తోకతో ఊడ్చిందట! గట్టుమీద చేపలు పట్టే ముసలాయన చెప్పాడు. దాని పైన ఒక చేప, ఆకుపచ్చ రంగుది, ఎర్రటి కళ్ళు. నన్ను చూసి పారిపోలేదు. ఎదురు వచ్చింది, సార్! గొల్యాతు ముందు దావీదులాగా నా మోకాలి ముందు నిలబడింది.

పదిహేడు తెల్ల రాళ్ళు వేశాను. జూన్ మొదటి ఆదివారం నేను వాక్యం చెప్పే సహవాసం వాళ్ళం అదే సరస్సులో బాప్తిస్మం పెట్టుకుంటున్నాం. కావ్యశ్రీ అని నర్సింగ్ చదివే అమ్మాయి, ఇంకా ముగ్గురు. మీకు అభ్యంతరం లేదుగా?

కొమరయ్య

~

రిచ్‌మండ్ హిల్,
జూన్ 1

చిరంజీవి కొమరయ్యకు,

పదిహేడు మంచి అంకె. పోయినేడు పదిహేను.

బాప్తిస్మానికి నాకేం అభ్యంతరం? సరస్సు నాది కాదు, మీ వాళ్ళ ప్రకారం నీది కూడా కాదు. పడమటి గట్టున ఇసక ఉంది, అక్కడ పెట్టుకోండి. తూర్పు ఒంపులోకి మాత్రం జనాన్ని దింపకు.

రెండో లెక్క పన్నెండో తేదీ తరువాత. మర్చిపోకు. నేను ఇక్కడ కిటికీ దగ్గర కూర్చుని క్యాలెండర్ చూస్తున్నాను. సుధామయి "పురుడు వచ్చిన ఇంట్లో తాతలా ఉన్నారు" అంటోంది.

యజ్ఞనారాయణ

~

ఒషావా,
జూన్ 14

సార్ గారికి వందనాలు.

రెండో లెక్క పదిహేడు.

బాప్తిస్మం దివ్యంగా జరిగింది. మీరన్నట్టు పడమటి గట్టునే. ముప్పై రెండు మంది వచ్చారు. కావ్యశ్రీ నీళ్ళలోనుంచి లేచినప్పుడు సరిగ్గా మబ్బు తొలగి ఎండ పడింది. ఆ రోజు ఒక అద్భుతం కూడా జరిగింది. మీరు శాకాహారులు కాబట్టి వివరాలు రాయడం లేదు. మన తెలుగు సంఘాలన్నిటిలో దాని గురించే మాట్లాడుకుంటున్నారు. జూలైలో సార్నియాకు పిలిచారు, అక్కడి కాలేజీ పిల్లలకు సాక్ష్యం చెప్పాలి.

ఇక్కడ ఎండలు ముదిరాయి. ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్. అందుకే చిన్న ఉత్తరం. క్షమించండి.

కొమరయ్య

~

రిచ్‌మండ్ హిల్,
జూన్ 23

చిరంజీవి, బంగారు కొండ కొమరయ్యకు,

పదిహేడుకు పదిహేడా! ఉత్తరం నాలుగుసార్లు చదివాను. సుధామయికి చదివి వినిపించాను. ముప్పై ఒక్క ఏళ్ళలో ఇలా ఎప్పుడూ లేదు. మంచి ఏడాదిలో మూడింట రెండు వంతులు మిగులుతాయి. గాలివాన వస్తే సగం. అన్నీ నిలవడం! నాతో పనిచేసినవాళ్ళు ఇద్దరు బతికున్నారు, ఇద్దరికీ ఇవాళే రాశాను. గ్రాఫ్ గీసే కాగితం పైన అంచు దాటిపోయింది, ఇంకో కాగితం అతికించాను.

ఆ అంకె అంటే ఏమిటో నీకు తెలియాలి. నేను చెప్పనేలేదు. అందరికీ తెలుసనుకోవడం మా శాస్త్రజ్ఞుల జాతి జబ్బు.

నువ్వు చూసిన ఆ పదిహేడూ తండ్రులు. ఆడ చేప గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. మగది ఉండిపోతుంది. గుడ్లు చిట్లేదాకా, పిల్లలు నల్లటి పొగలా గూటిమీద లేచేదాకా, ఆ పొగ విడిపోయి ఎవరి దారి వాళ్ళు చూసుకునేదాకా నెల రోజులు కదలదు. తినదు, కొమరయ్యా. ఆకలికి నోరు తెరవదు. రెక్కతో విసురుతూ ఉంటుంది, గుడ్ల మీద ఒండ్రు పడకుండా, గాలి ఆడేలా. రాత్రింబవళ్ళు. గూటి దగ్గరికి ఏది వచ్చినా నోటితో పట్టి అవతల పారేస్తుంది. అందుకే ఆ రోజుల్లో గాలం వేస్తే చాలు, పడుతుంది. ఎర తినడానికి కాదు, ఎర మీదకు యుద్ధానికి వస్తుంది. వేటగాడు మాత్రం తన ప్రతిభ అనుకుంటాడు. అందుకే జూన్ మూడో శనివారం దాకా బాస్‌ను ముట్టుకోకూడదని చట్టం. ట్రౌట్ కాలం వేరు, దీని కాలం వేరు.

ఆ తండ్రిని తీసేస్తే ఏమవుతుంది? చుట్టూ చిన్న చేపలు కాచుకుని ఉంటాయి. మొదటి నిమిషంలోనే వస్తాయి. ఏడు నిమిషాల్లో గూడు ఖాళీ. వేల గుడ్లు, ఏడు నిమిషాలు.

నాకు దేవుడి సంగతి తెలియదు. సంధ్యావందనం ముప్పై ఏట మానేశాను. కానీ ఆ చేప ముందు నిలబడినప్పుడల్లా చెప్పులు విప్పాలనిపించేది. నీళ్ళలో చెప్పులేమిటని నవ్వుకునేవాణ్ణి.

నీకు రుణపడ్డాను.

యజ్ఞనారాయణ

~

రిచ్‌మండ్ హిల్,
ఆగస్టు 9

చిరంజీవి కొమరయ్యకు,

ఏడు వారాలయింది. ఉత్తరం లేదు. ఒంట్లో బాగాలేదా? నేనేమైనా అన్నానా? సంధ్యావందనం మానేశానన్నందుకు కోపమైతే, మా నాన్నగారి కోపం ముందు నీదెంత?

ఎండాకాలం కదా, ట్రౌట్ అన్నీ లోతుకు పోయి ఉంటాయి. వెచ్చటి నీళ్ళలో వాటికి ఊపిరాడదు. నలభై యాభై అడుగుల కింద చల్లటి పొర ఒకటి ఉంటుంది, అక్కడ మౌనంగా నిలబడతాయి. పైన పడవలు, ఈతలు, కేకలు. కింద అవి. నువ్వూ అలాగే ఉన్నావేమో అనుకున్నాను.

ఒక్క ముక్క రాయి.

యజ్ఞనారాయణ

~

ఒషావా,
ఆగస్టు 17

యజ్ఞనారాయణ సార్ గారికి,

ఈసారి ఎవరి పేరటా వందనాలు చెప్పే అర్హత నాకు లేదు.

సార్, రెండో లెక్క ఎనిమిది.

బాప్తిస్మం రోజు పొద్దున్నించి కుర్రవాళ్ళు పడమటి గట్టున గాలాలు వేశారు. ఒక్క చేప పడలేదు. మధ్యాహ్నం భోజనానికి కమల అన్నం, పచ్చి పులుసు మాత్రమే తెచ్చింది. నేను లేచి, రాత్రంతా వలలు వేసి ఏమీ దొరకని శిష్యుల సంగతి ఎత్తుకున్నాను. "కుడి ప్రక్కన వేయమన్నాడు! వేశారు! వల లాగలేకపోయారు!" అని గర్జించి, ఒకాయన పడవ అడిగి, ఒక్కణ్ణే తూర్పు ఒంపులోకి పోయాను. జనాన్ని దింపవద్దన్నారు, దింపలేదు. నేనొక్కణ్ణే కదా అనుకున్నాను. పడవకు కుడి పక్కన గాలం వేశాను. పడింది. మళ్ళీ వేశాను, పడింది. వేసిన ప్రతిసారీ! అరగంటలో తొమ్మిది. గట్టుమీద జనం ఏడుస్తూ పాటలు పాడారు. అబద్ధం చెప్పను సార్, నా జన్మలో అంత భయభక్తి కలగలేదు. ప్రతి చేపా ఒక తెల్ల రాయి దగ్గరే పడుతోందని చూశాను. చూసి, అది కూడా సూచనే అనుకున్నాను! నేను వేసిన గుర్తు దగ్గరే దేవుడు ఇస్తున్నాడనుకున్నాను.

గట్టుమీదే పులుసు కాచి ముప్పై రెండు మందిమి తిన్నాం.

పన్నెండో తేదీన వెళ్ళాను. ఎనిమిది రాళ్ళ దగ్గర చేపలున్నాయి. మిగతా తొమ్మిది ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఆ తొమ్మిది గూళ్ళమీద ఒండ్రు పేరుకుంది. ఊడ్చిన వాకిళ్ళు బూజు పట్టాయి. గూళ్ళయితే పదిహేడూ ఉన్నాయి కదా అని నాకు నేనే వకీలునై వాదించుకుని, పదిహేడు అని రాశాను. ఎనిమిది అని రాస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే అద్భుతం చెప్పాలి. చెబితే మీరు ఒక్క మాటలో దాన్ని విప్పేస్తారని లోపల ఎక్కడో తెలుసు.

తరువాత మీ ఉత్తరం వచ్చింది. బంగారు కొండ అన్నారు. నాతాను ప్రవక్త రాజు దగ్గరికి వచ్చి పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్నవాడి కథ చెప్పాడు. రాజు మండిపడి, వాడెవడని అడిగాడు. ఆ మనిషివి నువ్వే అన్నాడు ప్రవక్త. ఏడు నిమిషాలు అన్నచోట నా వేలు ఆగిపోయింది. నేను గట్టుకు చేరి ఒక పాట ఎత్తుకునేసరికే ఏడు నిమిషాలు అయిపోయి ఉంటుంది.

ఇక్కడితో ఆగలేదు. ఆ ఉత్తరం జేబులో పెట్టుకునే సార్నియా వెళ్ళాను. నలభై మంది పిల్లలు. సాక్ష్యం చెప్పాను. సరస్సు పేరు, ఒంపు, రాళ్ళు, తొమ్మిది చేపలు, అన్నీ. గొంతు బ్రహ్మాండంగా పలికింది. "ఆమేన్" అని గోడలు అదిరాయి. తిరుగు దారిలో కమల కిటికీవైపు చూస్తూ అంది:

"మంచిగ చెప్పినవ్."

"దేవునికే మహిమ" అన్నాను.

"ఏడు నిమిషాల సంగతి ఎప్పుడు చెప్తవ్?"

నా చొక్కా ఉతికేటప్పుడు ఉత్తరం చదివిందట. దారిలో లండన్ అనే ఊరు దాటాం. తరువాత, "అననీయ, సప్పీరా కథ నువ్వే నాకు నేర్పినవ్. సంఘానికి ఇచ్చే సొమ్ముల కొంత దాచి అబద్ధమాడినందుకు మొగుడు పడి చచ్చిండు, వంతపాడినందుకు పెండ్లాం పడి చచ్చింది. నన్ను పడెయ్యకు" అంది.

మీ ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క అబద్ధం లేదు. ముప్పై రెండో ఏడు నన్ను పంపారు, నేను అది వేశాను. అతికించిన కాగితం చింపేయండి.

కొమరయ్య

~

రిచ్‌మండ్ హిల్,
సెప్టెంబర్ 3

కొమరయ్యకు,

కాగితం చింపాను. ఎనిమిది అని రాశాను. ఇద్దరు స్నేహితులకు తప్పని రాశాను. ఒకాయన జవాబిచ్చాడు: "అంత మంచి వార్త నిజం కాదని నాకు అనుమానమే." నాకే రాలేదు. సుధామయికి జూన్‌లోనే వచ్చిందట. "ఆ ఉత్తరం పులుసు వాసన వేసింది, మీ సంతోషం చూసి ఊరుకున్నాను" అంది.

పది రోజులు నీమీద కోపంతో ఉన్నాను. కలం పట్టలేదు. పదకొండో రోజున కోపం నావైపు తిరిగింది. ఎందుకో రాస్తాను. ఇది సుధామయికి కూడా తెలియదు, ఇవాళ చదివి వినిపిస్తాను.

ఏడు నిమిషాలని నాకెలా తెలుసు? ఎవరో చెబితే కాదు. నేనే లెక్కకట్టాను. ఉద్యోగంలో మొదటి వసంతం, అదే తూర్పు ఒంపు. ఇరవై రెండు గూళ్ళున్నాయి. ఒక్కో తండ్రినీ పట్టి, తొట్టిలో పడేసి, స్టాప్‌వాచ్ నొక్కి, గూడు ఖాళీ అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. ఇరవై రెండుసార్లు. ఒకటి రెండు చాలు అని మనసు చెప్పింది. ఇరవై రెండైతే నివేదిక బలంగా ఉంటుందని చదువు చెప్పింది. తొట్టిలో ఆ చేపలు రెక్కలు విసురుతూనే ఉన్నాయి, కొమరయ్యా. కింద గుడ్లు లేవు, ఉత్త ప్లాస్టిక్కు. దానికే విసురుతున్నాయి.

మరుసటి వసంతం ఐదు గూళ్ళు. ఇరవైకి రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. నేను ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కపెట్టింది శాస్త్రం కోసమని అందరూ అనుకున్నారు.

నీకు తెలియక తొమ్మిది. నాకు తెలిసి ఇరవై రెండు. నేను చేప తినను కాబట్టి నా చేతులు శుభ్రమనుకున్నాను.

క్షమించడం నా శాఖ కాదు, అది మీ వాళ్ళది. అయితే నువ్వు చెప్పిన అద్భుతం ఇంకా తిరుగుతోంది. చెప్పిన నోటితోనే దాన్ని వెనక్కి తీసుకో. సరస్సులో తొమ్మిది చేపలు పడడం అద్భుతం కాదని చెప్పు. అసలు అద్భుతమేమిటో కూడా చెప్పు, నీకు గొంతు ఉంది. నాకు కాగితమే ఉంది.

యజ్ఞనారాయణ

~

ఒషావా,
అక్టోబర్ 29

పూజ్యులైన సార్ గారికి,

నీళ్ళను తలకిందులు చేయువాని పేరట వందనాలు. ఎందుకలా అన్నానో చివర చెబుతాను.

ముందు చట్టం దగ్గరికి పోయాను. చేపల చట్టం చూసే ఆఫీసర్‌కు నేనే చెప్పుకున్నాను. అతను రెండుసార్లు అడిగాడు, "నిన్నెవరైనా పట్టుకున్నారా?" అని. "పట్టుకున్నారు" అన్నాను. వేయవలసిన దండన వేశారు, తలవంచాను.

తరువాత ఆదివారం లేచి నిలబడ్డాను. ప్రసంగం రాసుకున్నాను గానీ కాగితం విప్పలేదు. "నేను మీకు తినిపించింది అద్భుతం కాదు, తండ్రులను" అన్నాను. జీతగాడు తోడేలును చూసి పారిపోతాడు, కాపరి నిలబడతాడు అని వందసార్లు చెప్పాను. నిలబడినవాళ్ళను తొమ్మిదిమందిని, నిలబడినందుకే పట్టుకున్నానని చెప్పాను. ఎర వాటి ఆకలికి కాదు, వాటి ప్రేమకు వేశానని చెప్పాను. మా సంఘ పెద్ద ఒకాయన లేచాడు.

"అద్భుతం కాకపోతే ప్రతిసారీ ఎలా పడ్డాయయ్యా?"

"నేను పిలిస్తే రాలేదండీ. వెళ్ళగొట్టడానికి వచ్చాయి."

"సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే బోధకుణ్ణి ఎక్కడా చూడలేదు."

"ఇవాళ చూడండి" అంది కమల వెనక వరసనుంచి.

నాలుగు కుటుంబాలు వేరే ఆరాధనకు వెళ్ళిపోయాయి. కావ్యశ్రీ కళ్ళనీళ్ళతో వచ్చింది. "అంకుల్, మరి నా బాప్తిస్మం చెల్లుతుందా?" అంది. "చెల్లుతుంది తల్లీ. చెల్లనిది నా ప్రసంగమే" అన్నాను. సార్నియాకు ఉత్తరం రాశాను. సభలో చదివారో, మడిచి పెట్టారో తెలియదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉండలేక సరస్సుకు పోయాను. మీరు ఎప్పుడో బండిలో చెప్పినది గుర్తొచ్చింది. నీళ్ళు చల్లబడుతూ నాలుగు డిగ్రీలకు వచ్చేసరికి అన్నిటికంటే బరువెక్కి కిందికి దిగుతాయి, కిందివి పైకి వస్తాయి, ఇంకా చల్లబడితే మాత్రం మళ్ళీ తేలికై పైనే ఉండి గడ్డకడతాయి అని. అప్పుడు వినీ విననట్టు ఊరుకున్నాను. ఆ రోజు నిలబడి చూశాను. ఒడ్డున ఎప్పుడూ లేని అడుగు వాసన. వేసవంతా కిందపడి ఉన్నదంతా మెల్లగా పైకి వస్తోంది. ఒడ్డు పక్క గులకరాళ్ళ తిప్పమీదికి పెద్ద ట్రౌట్‌లు వచ్చాయి, లోతుల్లోనుంచి, బూడిదరంగువి, తెల్లటి అంచు రెక్కలవి. ఆగస్టులో మీరు రాసిన మౌనంగా నిలబడినవే అయ్యుంటాయి. ఆ ఒక్క సూత్రం, నాలుగు డిగ్రీల సూత్రం లేకపోతే నీళ్ళు అడుగునుంచి గడ్డకట్టి ప్రతి చేపా చచ్చేది కదా సార్! ముప్పై ఏళ్ళు గ్రంథం చదివాను, ఈ వాక్యం దానిలో కనబడలేదు. నీళ్ళమీద రాసి ఉంది. మోకరించాను. ఈసారి ఎవరూ చూడలేదు.

కొమరయ్య

~

ఒషావా,
మే 30

పూజ్యులైన సార్ గారికి,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను. అలంకారాలు వస్తే కొట్టేయండి.

మొదటి లెక్క పోయిన వారమే వేశాను. పన్నెండు. తొమ్మిదిమంది పోయిన చోట్లు ఎక్కువగా ఖాళీగానే ఉన్నాయి. నిన్న ఊరికే చూసి వద్దామని నేనూ కమలా వెళ్ళాం. తూర్పు ఒంపులో ఒక కుర్రాడు గాలంతో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చేతులూపాడు.

"అంకుల్! నేను రోహిత్, సార్నియా! మీ సాక్ష్యం విన్నా! నాలుగు గంటలు డ్రైవ్ చేసి వచ్చా. మీరు చెప్పిన చోటే వేశా, ఫస్ట్ త్రోకే పడింది!"

నా ఉత్తరం అక్కడ ఎవరూ చదవలేదు.

"చేప ఎక్కడ బాబూ?"

"ఫ్రెండ్ బకెట్‌లో పట్టుకెళ్ళాడు. కారు దగ్గర, పడవల రేవు అవతల."

"ఫోన్ చెయ్! రేవులోనే వదిలెయ్యమను. ఇప్పుడే. తిరిగి తెస్తే చచ్చిపోతుంది!"

అరిచి, నీళ్ళలోకి ఉరికాను. పైన ఎవరూ లేని గూడు వెతికాను. ఉత్తరపు చివర, నడుం లోతులో. పసుపు చారల చిన్న చేపలు అప్పటికే ముక్కులు పెట్టాయి. రెండు చేతులతో తరిమాను. పోయాయి, వచ్చాయి. మీరు రాసింది గుర్తొచ్చి, అరచేతిని రెక్కలా చేసి గుడ్లమీద విసరడం మొదలుపెట్టాను. మెల్లగా. గుడ్లు గులకరాళ్ళకు అంటుకుని ఉన్నాయి, ఆవగింజల కంటే కాస్త పెద్దవి, తేనె రంగు. ఒక్కోదానిలో నల్లటి చుక్క. కళ్ళు, సార్. గుడ్లలోనుంచి నన్ను చూస్తున్నాయి.

ఏడు నిమిషాలు దాటాయి. అరగంట అయింది. రోహిత్ ఫోన్ చేసి, తానూ రేవుకు పరుగెత్తి చేపను వదిలించి, తిరిగి వచ్చి గట్టున నిలబడ్డాడు, ముఖం పాలిపోయింది. విషయం చెప్పాను. బూట్లతోనే దిగి అవతలి పక్క నిలబడ్డాడు. ఎడమనుంచి వచ్చేవి నావి, కుడినుంచి వచ్చేవి అతనివి. గంటకు నడుం కింద స్పర్శ పోయింది. కమల ఫ్లాస్క్‌తో గట్టుమీదికి వచ్చింది.

"ఏందయ్యా, ఎవరికి బాప్తిస్మం ఇస్తున్నవ్?"

"కాపలా కాస్తున్నానే."

"ఎంతసేపు?"

"వాళ్ళ నాయన వచ్చేదాకా."

"వస్తడా?"

తెలియదన్నాను. నిజంగా తెలియదు. రేవు కిలోమీటరు దూరం, మధ్యలో కొమ్ములా పొడుచుకొచ్చిన గట్టు. నోట్లో గాలం దిగిన చేప, ఎండకు బకెట్‌లో వేడెక్కిన చేప. ఎప్పుడూ నోట నిండుగా ఉండే వాక్యాలు ఒక్కటీ రాలేదు. చేయి ఆడించడమే.

నేను దిగిన మూడు గంటల పది నిమిషాలకు రోహిత్ "అంకుల్" అన్నాడు, గుసగుసగా. లోతువైపునుంచి ఒక నీడ వచ్చింది. ఆగింది. మా నాలుగు కాళ్ళ మధ్యకు, రెండు చెట్ల మధ్యకు వచ్చినట్టు వచ్చింది. కింది పెదవి చీలి ఉంది, తెల్లటి చర్మం వేలాడుతోంది. నా చేయి ఇంకా నీళ్ళలోనే ఉంది, గుడ్లమీద. తీయాలని తోచలేదు. అది నేరుగా వచ్చి, ఆ చీలిన నోటితో నా బొటనవేలిని పట్టి, అవతలికి తోసింది, సార్.

తీసేశాను. అది గూటిమీద నిలిచి, రెక్క విసరడం మొదలుపెట్టింది. నేను ఎక్కడ ఆపానో అక్కడినుంచే.

రోహిత్ ఏడ్చాడు. నేనూ ఏడ్చాననే అనుకుంటాను, నీళ్ళలో తెలియలేదు. వెనక్కి నడిచాం, వీపు తిప్పకుండా. రోహిత్ ఆదివారం సార్నియాలో తానే లేచి చెబుతానన్నాడు.

రెండో లెక్క జూన్ పన్నెండున వేస్తాను. ఒక సందేహం ఉంది. ఆ పన్నెండో గూటిని మనుషులు కాశారు, మూడు గంటలు. అది నిలిస్తే మీ లెక్కలో వేయవచ్చా, వేయకూడదా? ఊహించి అంకె వేయవద్దన్నారు. మీరు చెప్పినట్టు చేస్తాను.

కొమరయ్య

~

రిచ్‌మండ్ హిల్,
జూన్ 6

చిరంజీవి కొమరయ్యకు,

నిలిస్తే లెక్కలో వెయ్యి.

నా పుస్తకంలో ప్రతి గూటికీ ఒక గడి ఉంది, "కాపలా" అని. ముప్పై రెండేళ్ళూ అందులో ఒకే మాట రాశాను: "మగ చేప". ఇవాళ పన్నెండో గడిలో దాని కింద, చిన్న అక్షరాలతో, నీ పేరూ ఆ కుర్రాడి పేరూ రాశాను. సుధామయి ఎప్పుడూ ఆ పుస్తకం ముట్టుకోదు. ఇవాళ తీసుకుని, మొదటి పేజీకి తిప్పి, ఆ ఇరవై రెండు గళ్ళమీద చేయి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

పన్నెండో తేదీన నేను వస్తున్నాను. డాక్టరుకు చెప్పలేదు. నీళ్ళలోకి దిగను, గట్టుమీద బండి పక్కన కుర్చీ వెయ్యి. ఈసారి నువ్వు దిగు, నేను బండి దగ్గర ఉంటాను. కావాలంటే నీ గ్రంథం ఇచ్చి పో, చదువుకుంటూ కూర్చుంటాను.

యజ్ఞనారాయణ